అక్షరం వచ్చు, భాష రాదు: శాలిహుండం కొండ మీద ఒక పాఠం

ఇది చదవడం మొదలుపెట్టే ముందు ఫోన్ తీసి, నిన్న ఇంట్లో వాళ్ళతో చేసిన వాట్సాప్ చాట్ ఒకసారి చూడండి. ‘తిన్నావా’ అన్న మాట ఏ అక్షరాల్లో ఉంది? మన క్లబ్‌లో ఎక్కువమంది ఫోన్లలో అది ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటుంది. తెలుగు సాహిత్య క్లబ్ అని పేరు పెట్టుకుని, మీటింగ్ ఎప్పుడో కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే చెప్పుకుంటాం. తప్పు అనడం లేదు. భాష తెలుగు, లిపి రోమన్, అంతే. ఈ రెండూ వేరు వేరు అని అందరికీ తెలిసిందే. కానీ వేరైతే ఏమవుతుందో నాకు శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న మ్యూజియం చూశాక అర్థమైంది. అది ఇక్కడ పాఠంలాగా రాస్తున్నాను. మధ్యలో రెండు పజిల్స్ కూడా ఉన్నాయి, వదిలేయకండి.

వెళ్ళడానికి కారణం మా రూమ్మేట్. వాడికి ఎట్రుస్కన్ల పిచ్చి. రోమ్ పెద్దది కాకముందు ఇటలీ మధ్య భాగంలో ఊళ్ళు కట్టుకుని బతికినవాళ్ళు ఎట్రుస్కన్లు. వాళ్ళ వస్తువులున్న విల్లా జూలియా మ్యూజియం రోమ్‌లో ఉంది, 1889లో పెట్టారు. దాని వీడియోలు రాత్రి పూట చూస్తూ, ‘జనం లేకుండా, మనకొక్కళ్ళకే గైడు ఉండి, ఇలాంటి మ్యూజియం చూడాలిరా’ అంటుండేవాడు. ఈ మాట ఫోన్‌లో వాళ్ళ తాతగారి చెవిన పడింది. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు, ఉండేది గార మండలంలో. ‘రోముకి తర్వాత ఎల్దువుగాని, ముందు మన కొండెక్కు. గైడు నేనే, టికెట్టు ఖర్చు లేదు’ అన్నారట.

అలా సంక్రాంతి సెలవుల్లో వెళ్ళాం. నాది ఇచ్ఛాపురం. పొద్దున్న రైలెక్కితే సోంపేట, పలాస, నౌపడ దాటి శ్రీకాకుళం రోడ్ వస్తుంది, అంటే ఆమదాలవలస. అక్కడి నుంచి శ్రీకాకుళం, శ్రీకాకుళం నుంచి శాలిహుండం సుమారు 18 కిలోమీటర్లు. వంశధార నది కుడి పక్క ఒడ్డున కొండ. నది అక్కడి నుంచి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు అది. బౌద్ధులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారని నేను అడగబోయాను, పైకెక్కి నది వైపు చూశాక అడగాల్సిన అవసరం లేకపోయింది.

కొండ మీద స్తూపాలు, చైత్యాలు, ఇటుక పునాదులు ఉన్నాయి. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నుంచి క్రీస్తుశకం 12వ శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం ఉందని చెబుతారు. అంటే హీనయానం, మహాయానం, వజ్రయానం మూడూ ఒకే కొండ మీద. మన భాషలో చెప్పాలంటే మూడు వెర్షన్లూ ఒకే సర్వర్ మీద నడిచాయి. ఒక స్తూపం పునాదిని పైనుంచి చూస్తే బండి చక్రంలా ఉంటుంది. మధ్యలో ఇరుసు, దాని నుంచి ఆకులు, ఆకుల మధ్య ఖాళీల్లో మట్టి నింపారు. మొత్తం ఇటుకతోనే కడితే ఖర్చెక్కువ, మట్టితోనే కడితే జారిపోతుంది. సివిల్ బ్రాంచ్ వాళ్ళు వెళ్తే నాకంటే ఎక్కువ చెప్పగలరు.

మా రూమ్మేట్ అక్కడే ఫోన్ తీసి ఎట్రుస్కన్ల అస్థికల పాత్రల ఫోటోలు తాతగారికి చూపించాడు. మొదటి కాలంలో వాళ్ళు చనిపోయినవాళ్ళని కాల్చి, బూడిదని గుడిసె ఆకారంలో చేసిన మట్టి పాత్రలో పెట్టేవారు. గుడిసెకి చిన్న తలుపు కూడా ఉంటుంది. తర్వాతి కాలంలో వోల్టెర్రా లాంటి ఊళ్ళలో రాతి పెట్టెలు చేసి, మూత మీద ఆ మనిషి ఒక చేతి మీద ఆనుకుని పడుకుని, విందులో ఉన్నట్టు చెక్కారు. మాస్టారు కళ్ళజోడు పైకి నెట్టి చాలాసేపు చూశారు. ‘మనదీ ఇదే గదా బాబూ. బూడిదకి ఇల్లు’ అన్నారు.

నిజమే. స్తూపం అంటే చివరికి అదే, అస్థికల చుట్టూ కట్టిన కట్టడం. శాలిహుండం తవ్వకాల్లో కూడా ధాతువుల పేటికలు దొరికాయి. ఊరి పేరు గురించి రెండు మాటలు చెబుతారు: శాలివాటిక అని ఒకటి, అంటే వరి ధాన్యం ఉన్న చోటు. శల్యపేటిక అని రెండోది, అంటే ఎముకల పెట్టె. ఏది నిజం అని నేను అడిగితే మాస్టారు, ‘ధాన్యం పండింది, ఎముకలూ దొరికాయి. రెండూ ఒగ్గీవద్దు’ అన్నారు. ఒగ్గీడం అంటే మా వైపు వదిలేయడం. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో పని ఉంది.

తర్వాత మ్యూజియం. పెద్దది కాదు. కానీ మాస్టారు పెట్టిన నియమం వల్ల మాకు పూట పట్టింది. ఏ విగ్రహం దగ్గరైనా ముందు బోర్డు చదవకూడదు. ‘బోర్డు చదివీసినాక రాయిని ఎవడూ చూడడు’ అన్నారు. ముందు రాయి చూసి, కనిపించింది కనిపించినట్టు పైకి చెప్పాలి. ఎన్ని చేతులు, చేతుల్లో ఏముంది, కాళ్ళు ఎలా ఉన్నాయి, పీఠం మీద ఏముంది. ఆ తర్వాత పేరు ఊహించాలి. ఆఖర్న బోర్డు. మేము ఫోన్లో ఫోటో తీసి ముందుకెళ్ళిపోయే రకం. ఈ పద్ధతిలో ఒక్కో విగ్రహం దగ్గర పది నిమిషాలు నిలబడ్డాం.

శాలిహుండంలో దొరికిన విగ్రహాల్లో తార, మారీచి ముఖ్యమైనవి. రెండూ వజ్రయానం దేవతలు. మారీచిని గుర్తుపట్టడానికి మాస్టారు చెప్పిన సులువు ఏంటంటే కళ్ళు పైనుంచి కాకుండా కిందనుంచి మొదలుపెట్టాలి. సూర్యుడి రథానికి ఏడు గుర్రాలు, మారీచి రథానికి ఏడు పందులు. ఇది శిల్పులు పాటించే సంప్రదాయం. అరసవిల్లి సూర్యదేవాలయం పక్కనే పెట్టుకున్న జిల్లాలో ఈ పోలిక ఎవరికైనా వెంటనే ఎక్కుతుంది. విగ్రహశాస్త్రం అంటే లుక్-అప్ టేబుల్ అని అప్పుడు తోచింది. టేబుల్ తెలిస్తే రాయి మాట్లాడుతుంది, తెలియకపోతే అందమైన ఆడమనిషి బొమ్మ అని ముందుకెళ్ళిపోతాం.

ఇక అసలు పాఠం. శాలిహుండంలో బ్రాహ్మీ అక్షరాలున్న కుండపెంకులు కూడా దొరికాయి. బయటికొచ్చి చెట్టు కింద కూర్చున్నాక మాస్టారు పుల్లతో మట్టిలో గీసి చూపించారు. బ్రాహ్మీలో ‘క’ అచ్చం లెక్కల్లో కూడిక గుర్తు. ‘ఠ’ పూర్తి సున్నా, ‘థ’ సున్నా మధ్యలో చుక్క. ‘న’ తలకిందులు చేసిన ఇంగ్లీషు టీ. మన తెలుగు అక్షరాలన్నీ ఈ గీతల నుంచే వంకర్లు తిరుగుతూ వచ్చాయి. ‘థ’ మధ్యలో చుక్క ఇంకా ఉంది చూడండి, రెండు వేల ఏళ్ళు దాటినా పోలేదు.

ఈ లిపిని మధ్యలో కొన్ని వందల ఏళ్ళు మన దేశంలో ఎవరూ చదవలేకపోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ చదివాడు. ఎలా చదివాడన్నదే మొదటి పజిల్. సాంచీ స్తూపం చుట్టూ రాతి కంచె ఉంది. దాని రాళ్ళ మీద చిన్న చిన్న శాసనాలున్నాయి. ఒక్కోటీ వేరే వేరే మాటలతో ఉంది, కానీ ఎక్కువ భాగం ఒకే రెండు అక్షరాలతో అయిపోతున్నాయి, రెండో అక్షరం పక్కన చుక్క. గుడిలో వేరే వేరే రాళ్ళ మీద, చిన్నగా, అన్నీ ఒకే మాటతో ముగిసే రాత ఏమై ఉంటుంది? ఒక నిమిషం ఆగి ఆలోచించండి.

మీ ఊరి గుళ్ళో సీలింగ్ ఫ్యాన్ రెక్క చూడండి. ట్యూబులైటు చూడండి. ఫలానా వారు సమర్పించినది అని రాసి ఉంటుంది కదా, అదే. ప్రిన్సెప్ కూడా ఇవి భక్తులు ఇచ్చిన కానుకలు అయ్యుండాలని ఊహించాడు. అయితే చివరి మాట ‘దానం’. ద, న, చివర సున్నా దొరికేశాయి. దానికి ముందు వచ్చే అక్షరం ‘ఫలానా వారి’ అనే విభక్తి. అక్కడి నుంచి తాళం తెరుచుకుంది. క్రిప్టోగ్రఫీలో దీన్నే క్రిబ్ అంటారు, రహస్య సందేశంలో ఖచ్చితంగా ఉండే మాటని ముందు ఊహించి పట్టుకోవడం. నాకు నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. ఆ మొదటి మాటకి మనకి అనువాదం అక్కర్లేదు. దానం అంటే ఇప్పటికీ దానమే.

అయితే ప్రిన్సెప్ పని సులువు కావడానికి ఒక కారణముంది. లిపి మరిచిపోయారు గానీ భాష మరిచిపోలేదు. లోపలున్నది ప్రాకృతం, పాళీకీ సంస్కృతానికీ చుట్టం. తలుపు తెరవగానే లోపల తెలిసినవాళ్ళే ఉన్నారు.

అందుకే అశోకుడు ఏం రాయించాడో ఇప్పుడు చదవగలుగుతున్నాం. మా ఇచ్ఛాపురం వాళ్ళకి దగ్గర్లోనే, బరంపురం దాటాక ఋషికుల్య నది ఒడ్డున జౌగఢ ఉంది. అక్కడ అశోకుడి శాసనం ఉన్న బండ ఉంది. మిగతా చోట్ల ఉన్న 14 శాసనాల్లో 11, 12, 13 అక్కడ లేవు. ధౌలిలో కూడా లేవు. పదమూడోది కళింగ యుద్ధం గురించి: లక్షమంది చనిపోయారు, లక్షాయాభై వేలమందిని తరలించారు, రాజు బాధపడుతున్నాడు అనేది. ఆ బాధ మిగతా దేశానికి చెప్పి కళింగలో మాత్రం చెప్పలేదు. బదులుగా కళింగ అధికారులకి వేరే రెండు శాసనాలు రాయించాడు, జనాన్ని బిడ్డల్లాగా చూడమని. చదవడం వస్తే రాసింది మాత్రమే కాదు, రాయనిది కూడా కనిపిస్తుంది.

ఇప్పుడు దీనికి పూర్తిగా తలకిందుల కేసు. ఎట్రుస్కన్.

ఎట్రుస్కన్లు గ్రీకుల దగ్గర అక్షరాలు తీసుకున్నారు. కాబట్టి వాళ్ళ శాసనాన్ని ఎవరైనా ఒక గంట నేర్చుకుని పైకి చదివేయొచ్చు. దొరికిన శాసనాలు తక్కువేం కాదు, సుమారు 13,000. కానీ చదివింది ఏంటో చాలావరకు తెలియదు. ఆ భాష లాటిన్‌కీ గ్రీకుకీ సంస్కృతానికీ చుట్టం కాదు. దొరికినవి ఎక్కువగా సమాధుల మీద రాతలు: పేరు, తండ్రి పేరు, వయసు. వెయ్యి సమాధులు చదివినా మళ్ళీ అవే మాటలు. ప్రిన్సెప్‌కి తాళం పడిన ఇల్లు దొరికింది, తీస్తే లోపల దీపం ఉంది. ఇక్కడ తలుపు బార్లా తీసుంది, లోపల చీకటి.

అన్నిటికంటే పొడవైన ఎట్రుస్కన్ రాత దొరికిన తీరు వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. క్రొయేషియా మనిషి ఒకడు 1848లో అలెగ్జాండ్రియాలో ఒక ఈజిప్టు మమ్మీ కొన్నాడు. దాని చుట్టూ చుట్టిన గుడ్డపీలికల మీద అక్షరాలున్నాయి. అవి ఎట్రుస్కన్ అని తేలింది 1891లో. ఎవరో ఒక నారగుడ్డ పుస్తకాన్ని చింపి మమ్మీకి చుట్టేశారు! చదవగలిగే మాటలు సుమారు 1200. ఇప్పుడది జాగ్రెబ్ మ్యూజియంలో ఉంది. పాత పేపర్‌లో పల్లీలు కట్టిచ్చినట్టు, అదొక్కటీ అలా మిగిలింది.

రెండో పజిల్. ఇటలీలో రెండు దంతపు పాచికలు దొరికాయి, ఇప్పుడు పారిస్‌లో ఉన్నాయి. వాటి ముఖాల మీద చుక్కల బదులు మాటలున్నాయి: థు, జల్, కి, హుథ్, మఖ్, ష. ఒకటి నుంచి ఆరు దాకా అంకెలే అయ్యుండాలి, కానీ ఏది ఏది? 1964లో పిర్గి అనే చోట మూడు బంగారు రేకులు దొరికాయి. రెండు ఎట్రుస్కన్‌లో, ఒకటి ఫినీషియన్‌లో. మాటకి మాట అనువాదం కాదు గానీ విషయం ఒకటే. ఫినీషియన్‌లో మూడో సంవత్సరం అని ఉన్న దగ్గర ఎట్రుస్కన్‌లో ‘కి’ ఉంది. సమాధుల మీద పిల్లల లెక్కల నుంచి ‘థు’ ఒకటి, ‘జల్’ రెండు అని తేల్చారు. పాచిక మీద ‘థు’కి ఎదురు ముఖం ‘హుథ్’, ‘కి’కి ఎదురు ‘ష’, ‘జల్’కి ఎదురు ‘మఖ్’. మిగతా మూడూ చెప్పండి.

లూడో ఆడిన ఎవరైనా ఎదురెదురు ముఖాలు కూడితే ఏడు రావాలి అంటారు. అలా అయితే హుథ్ ఆరు, ష నాలుగు, మఖ్ ఐదు. అయిపోయింది అనుకుంటున్నారా? ఎదురు ముఖాల మధ్య తేడా మూడు అనే నియమం పెట్టి చూడండి. అప్పుడు హుథ్ నాలుగు, ష ఆరు, మఖ్ మళ్ళీ ఐదే. అదే డేటాకి రెండు నియమాలూ సరిపోతున్నాయి! గ్రీసులో ‘నాలుగు ఊళ్ళు’ అనే ప్రాంతానికి పాత పేరు హుథ్‌ని పోలి ఉంది కాబట్టి అది నాలుగే అని కొందరు వాదిస్తారు. మఖ్ గురించి గొడవ లేదు. హుథ్, ష మధ్య వాదన ఇంకా నడుస్తోంది. ఆరు మాటలున్న భాష కాదిది, ఒక నాగరికత మాట్లాడిన భాష. అందులో నాలుగుకీ ఆరుకీ తేడా చెప్పలేకపోతున్నాం.

చెట్టు కింద ఇదంతా మా రూమ్మేట్ చెప్పాక మాస్టారు ఒకటే అడిగారు, ‘మరి ఆళ్ళ పిల్లలు ఏటైపోయారు?’ అని. ఎవరూ చంపేయలేదు. పిల్లలు లాటిన్ నేర్చుకున్నారు. రోమ్‌లో ఉద్యోగం, వ్యాపారం, కోర్టు, సైన్యం అన్నీ లాటిన్‌లోనే. తల్లిదండ్రులు కూడా అదే మంచిదనుకుని ఉంటారు. క్రీస్తుశకం 1వ శతాబ్దానికి వచ్చేసరికి ఎట్రుస్కన్ దాదాపు అయిపోయింది. క్లాడియస్ చక్రవర్తి వాళ్ళ చరిత్ర 20 పుస్తకాల్లో రాశాడు. అవీ పోయాయి.

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం. మా నాన్న పదో తరగతి దాకా తెలుగు మీడియం. మా నాన్నమ్మకి చదువు లేదు, తెలుగూ ఒరియా రెండూ గడగడా మాట్లాడుతుంది, బరంపురం బజారులో బేరం ఒరియాలోనే చేస్తుంది. మూడు తరాల్లో ఎటు నుంచి ఎటు వెళ్తున్నామో చెప్పక్కర్లేదు. దీని మీద ఎవరినీ తిట్టాలని లేదు. ఇంగ్లీషు మీడియం లేకపోతే ఈ కాలేజీలో నా సీటు ఎలా ఉండేదో నాకూ తెలుసు. మాస్టారి ప్రశ్నకి జవాబులో నేను కూడా ఉన్నాను, అంతే.

ఇప్పుడు వాట్సాప్ సంగతికి వద్దాం. ఎట్రుస్కన్లు పక్కవాళ్ళ అక్షరాలతో తమ భాష రాసుకున్నప్పుడు కొన్ని వింతలు జరిగాయి. వాళ్ళ నోట్లో గ, డ, బ లాంటి శబ్దాలు లేవు. అందుకని గ్రీకు ‘గ’ అక్షరాన్ని కూడా ‘క’ కోసం వాడేశారు. ఆ అక్షరమే రోమన్లకి సి అనే అక్షరంగా అందింది. రోమన్లకి గ కూడా కావాలి, కాబట్టి తర్వాత సి కి ఒక చిన్న గీత తగిలించి జి అనే అక్షరం చేసుకున్నారు. ఇంగ్లీషులో క శబ్దానికి సి, కె, క్యూ అని మూడు అక్షరాలు ఎందుకురా అని చిన్నప్పుడు స్పెల్లింగులు బట్టీ పట్టిన ప్రతివాడూ అనుకుని ఉంటాడు. ఆ గందరగోళంలో ఎట్రుస్కన్ల వాటా ఉంది. ఫస్టియర్‌లో మనం నేర్చుకున్న సి లాంగ్వేజ్ పేరులో ఉన్న అక్షరం వాళ్ళ చేతి మీదుగా వచ్చిందే. భాష పోయింది, వాళ్ళ ఉచ్చారణ అలవాటు మాత్రం కీబోర్డు మీద ఉండిపోయింది.

మన చాట్‌లో కూడా అదే జరుగుతోంది. రోమన్‌లో త, ట ఒకటే. ల, ళ ఒకటే. న, ణ ఒకటే. పొడుగూ పొట్టీ తేడా చాలామంది చూపించరు. అందుకని తాత, టాటా, తట మూడూ ఒకే స్పెల్లింగు. కల, కళ ఒకటే. ఇప్పుడు అర్థమవుతోంది, ఎందుకంటే చదివేవాడి నోట్లో తెలుగు ఉంది. రెండు వేల ఏళ్ళ తర్వాత ఎవరికైనా మన చాట్ బ్యాకప్ దొరికి, అప్పటికి తెలుగు తెలిసినవాళ్ళు లేకపోతే, వాడు అక్షరం పొల్లుపోకుండా చదువుతాడు. ‘తిన్నావా’ అంటే ఏంటో తెలియదు. రోజూ వస్తోంది కాబట్టి ఏదో ప్రార్థన అనుకుంటాడేమో.

అక్షరం ఉండి భాష పోయినది ఎట్రుస్కన్. భాష ఉండి అక్షరం పోయినది బ్రాహ్మీ శాసనం. రెండూ పోయినది సింధు లిపి, దాని జోలికి నేను వెళ్ళను. ఇంకో కేసు మిగిలింది: భాష నిండుగా ఉంది, అక్షరమే ఎప్పుడూ లేదు. దానికి ఉదాహరణ మన జిల్లా కొండల్లోనే ఉంది, సవర భాష. అది ద్రావిడ భాష కాదు, ముండా భాష. దాని దగ్గరికి వెళ్ళినాయన పేరు మన క్లబ్‌లో అందరికీ తెలుసు, ఆగస్టు 29న దండ వేస్తాం కాబట్టి.

గిడుగు వెంకట రామమూర్తి 1863లో పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బడి పంతులుగా చేశారు. అప్పట్లో శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకుని, శ్రీముఖలింగం గుడి శాసనాలు చదివి, పాత కళింగనగరం అదేనని రాశారు. అంటే మొదటి పని, తెలిసిన భాషకి మరిచిపోయిన అక్షరం వెతకడం. తర్వాత పని దానికి తలకిందులు. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఆ భాష మొదటి నుంచి నేర్చుకుని, సవరలో పుస్తకాలు రాసి, పిల్లలకి బడులు పెట్టించారు. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. మనకి మాత్రం ఆయన వ్యావహారిక భాష కోసం పోట్లాడిన మనిషిగానే తెలుసు. ఆ పోట్లాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు కొండ దిగేటప్పుడు తోచింది. అక్షరమే లేని భాషలో అంత అందమైన వ్యాకరణం దొరికిన మనిషికి, పుస్తకంలో లేదు కాబట్టి నోటి తెలుగు తప్పు అనే వాదన ఎలా నచ్చుతుంది? ఇది నా ఊహ. కాదనేవాళ్ళు వచ్చే సంచికలో రాయండి.

ఇంతకీ శాలిహుండం కొండ మీద పాత బౌద్ధ కట్టడాలున్నాయని 1919లో గుర్తించింది కూడా ఆయనే. ఈ సంగతి మాస్టారు ఆఖరికి చెప్పారు, కావాలనే దాచిపెట్టినట్టున్నారు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళిపోతే, గిడుగు ఆ ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940లో పోయారు. అదే 1936లో మంగెయ్ గొమాంగో అనే ఆయన సవరలకి సొంత లిపి తయారుచేశారు, పేరు సొరంగ్ సొంపెంగ్. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచి ఉంది. ఎట్రుస్కన్ అక్షరాలు 2001లో వచ్చాయి, బ్రాహ్మీ 2010లో, సొరంగ్ సొంపెంగ్ 2012లో. వరస గమనించండి. మాట్లాడేవాళ్ళే లేని భాష అక్షరాలకి, రోజూ మాట్లాడే సవర కంటే పదకొండేళ్ళ ముందు సీటు దొరికింది. ఇంకో సంగతి, మన బ్రాంచ్ వాళ్ళు కూడా కన్‌ఫ్యూజ్ అవుతారు కాబట్టి: యూనికోడ్ అక్షరాన్ని మాత్రమే దాస్తుంది, భాషని కాదు. తెలుగు ఫాంటు ఫోన్‌లో ఉన్నంత మాత్రాన తెలుగు సేవ్ అయినట్టు కాదు.

గిడుగు గెలిచారు, మనం వ్యావహారికంలో రాస్తున్నాం. కానీ ఎవరి వ్యావహారికం? పేపర్లలో టీవీల్లో కుదురుకున్నది ఎక్కువగా కృష్ణా గోదావరి వైపు మాట. ఆయన పుట్టిన జిల్లా మాట అందులో తక్కువ. ఈ వ్యాసం కూడా నేను ఆ తెలుగులోనే రాశాను, మా ఇంటి తెలుగులో రాస్తే మీలో సగంమంది నవ్వుతారు. కాలేజీలో ‘ఏటి’ అన్నానని మొదటి నెలంతా నన్ను అలాగే పిలిచారు.

తిరిగొచ్చాక ఒక ఎక్సెల్ షీట్ మొదలుపెట్టాను. నాన్నమ్మ మాటలు. ఒక కాలమ్‌లో మాట, రెండోదాంట్లో అర్థం, మూడోదాంట్లో ఆమె అన్న వాక్యం, నాలుగోదాంట్లో గొంతు రికార్డింగ్. ఒగ్గీడం. తొంగోడం, అంటే పడుకోవడం. గుంటడు, గుంట, అంటే పిల్లాడు, పిల్ల. ఇప్పటికి 64 వచ్చాయి. ‘ఇయ్యన్నీ రాసుకుని ఏటి సేస్తావురా’ అంటుంది, అది కూడా మూడో కాలమ్‌లో ఎక్కించాను.

ఒక ఇబ్బంది తగిలింది. ‘వచ్చాడు’ అని ఆమె అన్నప్పుడు మధ్యలో వచ్చే శబ్దం ఆ కాదు, ఏ కాదు, రెండిటికీ మధ్యలో ‘బ్యాంకు’లో ఉండే శబ్దం. మనందరి నోట్లోనూ అదే ఉంటుంది, పలికి చూడండి. దానికి తెలుగులో అక్షరం లేదు. పాత పుస్తకాల్లో కొందరు వచ్చాడు అనీ, కొందరు వచ్చేడు అనీ రాసింది ఇందుకే. అంటే మన లిపి కూడా మన నోటిని పూర్తిగా పట్టుకోలేదు. మాస్టారికి ఫోన్ చేసి ఏం రాయమంటారని అడిగితే, ‘నీకు ఎలగ ఇనపడితే అలగే రాయి, పక్కన ఎందుకలా రాసేవో కూడా రాయి’ అన్నారు. ఐదో కాలమ్ పెట్టాను.

షీట్ లింక్ క్లబ్ గ్రూపులో ఉంది. మీ ఇళ్ళలో మాటలు కూడా చేర్చండి, ఏ జిల్లావైనా సరే. మాట తెలుగు అక్షరాల్లోనే టైప్ చేయండి, ఊరి పేరు తప్పకుండా రాయండి. గొంతు రికార్డింగ్ లేకపోతే నాలుగో గడి ఖాళీగా ఉంచండి, ఊహించి నింపొద్దు.